నేను తోమిన గాజుల బోర్డు

మా పాప గోడ పట్టుకుని నిలబడటం నేర్చుకున్న నెలలోనే ఆ బోర్డు మా ఇంటికి వచ్చింది. ఎల్లారెడ్డి బజారులో గాజులమ్మే అవ్వది అది. ఎర్ర నియాన్ గొట్టంతో రాసిన ఒకే ఒక్క మాట, 'గాజులు'. కోతి దూకి చివరి అక్షరం విరిగింది. నేను ఆ ఊళ్లోనే, పుట్టింట్లో ఉన్నప్పుడు అవ్వ దాన్ని పాత చీరలో చుట్టుకుని వచ్చి నా ముందు దించింది.

"మీ ఆయన గిసుంటివి బాగు చేస్తడట గదా బిడ్డా. ఇది మా ఆయన చేయించింది. ఆయన పోయినంక అందరు ప్లాస్టిక్‌ది పెట్టుకొమ్మంటున్నరు. నాకొద్దు. ఎట్ల ఉండెనో గట్లనే కావాలె."

ఆమె అడిగింది ఆ ఒక్కటే. నా పెళ్లికీ, సీమంతానికీ నా చేతులకు గాజులు వేసింది ఆమే. కాదనలేక కామారెడ్డి తెచ్చాను.

మావారికి కామారెడ్డిలో మోటార్ వైండింగ్ దుకాణం. ఆ రోజుల్లో దుకాణాలవాళ్లంతా నియాన్ బోర్డులు పీకేసి, లోపల ట్యూబులైట్లు పెట్టిన ప్లాస్టిక్ బోర్డులు కట్టించుకుంటున్నారు. పీకినవాటిని ఈయన ఇంటికి మోసుకొచ్చేవారు. దోమకొండ నుంచి చెప్పుల దుకాణం బోర్డు, భిక్నూర్ దాబా నుంచి సగం విరిగిన బాణం గుర్తు. ట్రాన్స్‌ఫార్మర్ విప్పి బాగుచేసి, వైర్లు మార్చి, పగిలిన గొట్టాన్ని పట్నం తీసుకెళ్లి అతికించి, గ్యాస్ నింపించుకుని వచ్చేవారు. ఒకసారి వెలిగించి చూసుకుని గోడకు ఆనించేవారు. అంతే. అమ్మేది లేదు, పెట్టేది లేదు.

ఒకసారి కిటికీ పక్కన 'లాడ్జి' అన్న బోర్డు వెలిగించి మరిచిపోయారు. మా ఇల్లు స్టేషన్‌కు దగ్గర. రైలు దిగిన పెద్దమనిషి ఒకాయన సూట్‌కేసు పట్టుకుని తలుపు కొట్టాడు. రూములు లేవంటే నమ్మడే. "పైసలున్నోళ్లకే ఇస్తరా?" అని నన్ను గట్టిగా అడిగాడు. ఈయన లోపల మంచం మీద పడి నవ్వుతూ ఉన్నారు తప్ప బయటికి రాలేదు. చివరికి ఆయనకు చాయ్ ఇచ్చి పంపాల్సి వచ్చింది.

నేను బీయెస్సీ చదివాను. ఆ చదువు నాకు భయపడటానికే ఎక్కువ పనికొచ్చింది. నీలం గొట్టాల్లో పాదరసం ఉంటుందని తెలుసు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ వేల వోల్టులు తీస్తుందని తెలుసు. పాప పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి రోజుకు రెండుసార్లు తడిగుడ్డతో నేల తుడిచి, ఆ గుడ్డను ఎండకు పట్టి గాజు పెంకు మెరుస్తుందేమోనని చూసేదాన్ని. పాపకు ఇప్పుడు ఐదేళ్లు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

"పాప నడిచేలోపు ఇవన్ని దుకాణంకు పోవాలె" అన్నాను.

"అవ్వది ఒక్కటి కానియ్. అన్ని ఒక్కసారే తీస్కపోత" అన్నారాయన.

అందుకే అవ్వ బోర్డు త్వరగా కావాలని నాకు అంత తొందర. ఒక మధ్యాహ్నం పాప నిద్రపోగానే ఆ బోర్డు ముందేసుకుని కూర్చున్నాను. గొట్టం నిండా ఏళ్ల దుమ్ము. అక్కడక్కడా నల్లగా మసి గడ్డకట్టినట్టుంది. కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. రానిచోట బ్లేడుతో గీకాను. గంటలో కడిగిన గ్లాసులా తయారైంది. సాయంత్రం ఆయన వస్తే మెచ్చుకుంటారని బల్ల మీద ఎదురుగా పెట్టాను.

ఆయన వచ్చి, వంగి, ఈ చివర నుంచి ఆ చివరికి చూశారు.

"నల్లరంగేది?"

"రంగా? మసి కాదా అది?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నియాన్ మాటను ఒకే గొట్టాన్ని వంచి రాస్తారట. అక్షరానికీ అక్షరానికీ నడుమ గొట్టం తెగదు, చివరి అక్షరం దాటాక కూడా వైరు దాకా సాగుతుంది. వెలుగు కనపడకూడని ఆ చోట్లలో నల్లరంగు పూస్తారు. పొద్దుగూకాక ఆ ముక్కలు చీకట్లో కలిసిపోయి, అక్షరాలు విడివిడిగా కనిపిస్తాయి. నేను కిరసనాయిలు పెట్టి తోమేసింది ఆ చీకటిని.

"పట్నంల అతికిచ్చేటాయనకు తెలుస్తది గదా?" అన్నాను ఆశగా.

ఆయన పట్నం పోయి వచ్చారు. విరిగిన ముక్క అతికింది, గ్యాస్ నిండింది. "ఆయనకు తెలుగు చదవరాదంట. ఉన్న గీత ఉన్నట్టు అతికిస్త, నలుపు యాడ పెట్టుకుంటరో మీ ఇష్టం అన్నడు."

"ఎవరు తోమిన్రని అడగలేదా?"

"అడిగిండు. ఎలుక అని చెప్పిన."

వెలిగిస్తే, పలక పట్టిన మొదటిరోజు పిల్లలు గీసే గీతలా ఉంది. ఆయన ఆ బోర్డును విరగకముందు వెలుగుతుండగా ఎప్పుడూ చూడలేదు. "నువ్వు చిన్నప్పటి సంది చూసినవు గదా, చెప్పు" అన్నారు. నిజమే, బడికి పోతూ వస్తూ ఏళ్ల తరబడి దాని కింద నడిచాను. తీరా కళ్లు మూసుకుంటే మాట గుర్తొచ్చింది గాని గీతలు గుర్తురాలేదు. ఎర్రటి వెలుతురు, ఆ వెలుతురులో అవ్వ చేతులు, అంతే. అవ్వను అడుగుదామంటే ఆమెకు చదువు రాదు. పైగా నేను చేసిన పని చెప్పాలి.

సుద్దముక్కతో నేనే గుర్తులు పెట్టాను. ఆయన సన్నటి బ్రష్షుతో నలుపు పూశారు. పాపను పక్కగదిలో ఉంచి, తలుపు దగ్గరకేసి, బోర్డును మంచం మీద పడుకోబెట్టి వెలిగించాం. 'గాజులు' అని ఇద్దరం చదివాం. పాప ఏడవడం మొదలుపెట్టగానే ఆర్పేశాం.

ఇచ్చిన మాట ప్రకారం ఆయన మిగతా బోర్డులన్నిటినీ దుకాణానికి చేరవేశారు. ఆ మధ్యాహ్నమే ఎల్లారెడ్డి బస్సెక్కాం. ఆయన ఒళ్లో బోర్డు, నా ఒళ్లో పాప.

"మూటల ఏందన్నా?" అన్నాడు కండక్టరు.

"గాజులు."

"గింత పెద్ద మూటనా? ఎంతమందికి?"

"ఒక్కామెకే."

దీపాలు పెట్టే వేళకు బోర్డు అవ్వ దుకాణం మీదికెక్కింది. వెలగ్గానే అవ్వ రోడ్డు మీదికి వచ్చి తలెత్తి నిలబడింది. ఆ వెలుతురుకు ఆమె ముఖం ఎర్రబడింది. "ఉన్నట్లనే ఉన్నది బిడ్డా" అంది. నేను అన్ని రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడే ట్యూషన్ నుంచి వస్తున్న ఇద్దరు ఆడపిల్లలు ఆగారు. ఒక పిల్ల పైకి చూసి, "గాజూలూ" అని చదివింది. రెండో పిల్ల కిసుక్కున నవ్వింది. "రెండు దీర్ఘాలు పెట్టిన్రేందే?"

తలెత్తి చూశాను. బాగు చేశాక దూరం నుంచి, నిలువుగా, మొదటిసారి చూస్తున్నాను. 'జు' కొమ్మూ, 'లు' కొమ్మూ ఆగాల్సిన చోట ఆగలేదు. పక్కకు సాగి, పైకి తిరిగి, దీర్ఘాలై కూర్చున్నాయి. మంచం మీద మేం చదివింది మాకు ముందే తెలిసిన మాటను, అక్కడ ఉన్నదాన్ని కాదు.

"తప్పు నాదే అవ్వా" అన్నాను. "నల్లరంగుంటే మసి అనుకుని తోమేసిన. మళ్ల యాడ పెట్టాలెనో గుర్తురాలే. నువ్వడిగినట్టు కాలేదు."

మావారు అప్పటికే రంగు డబ్బా తీశారు. "రెండు నిమిషాలవ్వా. బంద్ చేసి పూసేస్త."

"ఆగు అల్లుడా" అంది అవ్వ. ఆ పిల్లను పిలిచింది. "ఏమని చదివినవే? మళ్ల చదువు."

"గాజూలూ" అంది ఆ పిల్ల భయంభయంగా.

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"నా ఒర్రుడు రాసినవు గదనే" అంది నాతో. "దుకాణం పెట్టకముందు ఊర్లు తిరిగి అమ్మేటోళ్లం. నిజాంసాగర్ కాలువ ఎంబడి ఎన్ని ఊర్లో. ఆయన సైకిల్ మీద గంప పెట్టుకొని నడుస్తుండె. ఒర్రుమంటే సిగ్గు ఆయనకు. నేనే గొంతు చించుకొని ఒర్రేది, గిట్లనే, గాజూలూ అని. నా గొంతు పోతుండె రోజు. ఈ బోర్డు చేయిచ్చిన్నాడు ఏమన్నడో ఎర్కేనా? ఇగ నువ్వు ఒర్రకు, ఇది ఒర్రుతది అన్నడు."

మావారు రంగు డబ్బా మూత పెట్టేశారు.

"ఇన్నేండ్లు ఇది ఒర్రిందో లేదో నాకేం తెలుసు, చదువొచ్చినోళ్లు చెప్పలే" అంది అవ్వ. "ఇప్పుడు ఒర్రుతున్నది. ఉండనియ్. ఏదీ, నువ్వు చదువు బిడ్డా."

"గాజూలూ" అన్నాను.

"గట్ల కాదు. పాఠం చదివినట్టు చదువుతున్నవు. గొంతు లేపు."

నడిబజారు. పుట్టిన ఊరు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన కిరాణా ఆయన తక్కెడ పట్టుకుని చూస్తున్నాడు. మావారు నిచ్చెన మీద కట్టిన వైరునే మళ్లీ కడుతూ ముఖం అటు తిప్పుకున్నారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి.

పాపను ఎత్తి చంకలో సర్దుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా అరిచాను. "గాజూలూ..."

పాప ఉలిక్కిపడి నా నోటి వైపు చూసింది. రోడ్డవతల కూరగాయలు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు తలలు తిప్పారు.

"వస్తున్నరు" అంది అవ్వ, కొంగు నడుముకు దోపుకుని దుకాణంలోకి ఎక్కుతూ.