కాక చదివిన మంచు సినిమా

శుక్రవారం పొద్దున పప్పులో పోపు పెడుతుంటే ఫోన్ మోగింది. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి కాక అన్నకొడుకు వాయిస్ మెసేజ్ పంపాడు. "అన్నా, మా కాక పోయిండు. పొద్దుగాల చాయ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిపోయిండు" అన్నాడు. దాని కిందనే ఒక కాగితం ఫోటో వచ్చింది. అంతా అరబ్బీ. మోకాలు బాగయ్యాక మళ్లీ పిలుస్తామని కంపెనీ రాసిచ్చిందంటూ కాక దాన్ని ఊళ్లో అందరికీ చూపించేవాడట. అందులో ఏముందో కాస్త చదివి చెప్పమని ఆ అబ్బాయి అడిగాడు. నేను ఫోన్ పట్టుకుని నిలబడిపోయాను. పోపు మాడిపోయింది. రూమ్‌లో ఉన్న ఆరుగురూ ఆ వాసనకు లేచొచ్చి నన్ను తిట్టారు. సంగతి విన్నాక తిట్టడం మానేశారు.

ఆ కాగితంలో ఏముందో చదవకుండానే నాకు తెలుసు. అదెలా తెలుసో మీకు చెప్పాలంటే ముందు కాక గురించీ, ఒక సినిమా గురించీ చెప్పాలి.

మా క్యాంపు ఒమన్‌లోని మబేలాలో. కాక షట్టరింగ్ కార్పెంటర్. స్లాబు పోసే ముందు కింద చెక్కలు బిగించే పని. రూమ్‌లో ఎవరికీ చుట్టం కాదు కానీ అందరికీ కాకే. నలభై దాటిన నేను కూడా కాకా అనే పిలిచేవాణ్ణి. సెలవు రోజున గుమ్మంలో కూర్చుని సైట్ నుంచి తెచ్చిన వంకర మొలలను ఒక్కొక్కటే ఇటుక మీద పెట్టి సుత్తితో సాఫు చేసేవాడు. కంపెనీ కొత్త మొలలు డబ్బాలకు డబ్బాలు ఇస్తుంటే ఇదెందుకని అడిగితే, "అదేం తప్పు చేసిందిరా, కొట్టినోని చెయ్యి వంకర పోయింది" అనేవాడు. చాయ గ్లాసు తాగక ముందు ఒకసారి, తాగాక ఒకసారి కడిగేవాడు. కొత్తగా వచ్చినవాడు ఇల్లు తలుచుకుని ఏడుస్తుంటే ఓదార్చేవాడు కాదు. పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కొయ్యమని ఇచ్చేవాడు. ఉల్లిగడ్డల వల్ల ఏడుస్తున్నాడని అందరూ అనుకుంటారు, వాడి పరువు దక్కుతుందని. నేను వచ్చిన మొదటి వారం నాకూ అలాగే కిలో ఉల్లిగడ్డలు ఇచ్చాడు. ఆ ఉపకారం నేను మరిచిపోలేదు. తీర్చుకున్న తీరు మాత్రం ముందు ముందు మీరే చూస్తారు.

కాక ఒమన్ వచ్చిన కొత్తలో అల్ సువైక్‌లో ఖర్జూరం తోటల మధ్య ఇళ్లు కట్టాడు. అక్కడి ముసలివాళ్లతో మాట్లాడి మాట్లాడి అరబ్బీ గడగడా వచ్చేసింది. దుకాణంలో, క్లినిక్‌లో, పోలీసు ఆపిన చోట, ఎక్కడైనా మాకు నోరు కాకే. అంత బాగా మాట్లాడే మనిషికి చదవడం రాదని మాకు తోచలేదు. మాలో ఎవరికీ ఆ అక్షరాలు రావు కాబట్టి ఆయన ఏం చదివితే అదే రాసి ఉందనుకునేవాళ్లం.

ఇక సినిమా. మా రూమ్‌లో మాకంటే ముందున్న ఈజిప్టు ఎలక్ట్రీషియన్ పోతూ పోతూ టీవీ, దానికి గుచ్చిన పెన్‌డ్రైవ్ వదిలేసి వెళ్లాడు. అందులో ఒకే ఒక్క సినిమా ఉంది. స్వీడన్ సినిమా అని ఆయనే చెప్పాడు. మాటలు స్వీడన్‌వి, కింద అక్షరాలు అరబ్బీవి. ఏసీ చెడిపోయిన వారంలో మొదటిసారి పెట్టాం. తెర నిండా మంచు. కథ తెలియకపోయినా కళ్లకు చల్లగా ఉందని అందరం నోళ్లు తెరుచుకుని చూశాం. ఆ తర్వాత శుక్రవారం అన్నం తిన్నాక అది చూడటం మాకు అలవాటైపోయింది.

అందులో బొజ్జ ఉన్న ఒక బస్సు డ్రైవరు ఉంటాడు. తాగిన మైకంలో నలుగురి ముందు గొప్పలు పోతాడు. కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, మంచు మీద పొద్దంతా జారుకుంటూ పోయే పెద్ద పందెం ఉంది, దాన్ని పూర్తి చేస్తానంటాడు. తెల్లారాక మాట వెనక్కి తీసుకోలేడు. ఎండాకాలంలో మంచు ఉండదు కాబట్టి చెక్కల కింద చక్రాలు బిగించుకుని తారురోడ్డు మీద సాధన చేస్తాడు. కుక్కలు తరుముతాయి. కూరగాయల సంచీతో వెళ్తున్న ఒక ముసలమ్మ అతన్ని దాటి ముందుకు పోతుంది. అక్కడ మేము పడీపడీ నవ్వేవాళ్లం. చివరికి పందెంలో అందరూ వెళ్లిపోయాక, చీకటి పడే వేళకు, ఒక్కడే ఈడ్చుకుంటూ వస్తాడు. గమ్యం దగ్గర కట్టిన గుడ్డ బ్యానర్‌ను ఒక మనిషి అప్పటికే విప్పి మడత పెడుతుంటాడు. అతను డ్రైవరుతో ఒక మాట అంటాడు. సినిమా అయిపోతుంది.

ఆ మాటలన్నీ మాకు చదివి చెప్పేది కాక. వేలితో కుడి నుంచి ఎడమకు గాలిలో గీత గీస్తూ, ఆడగొంతు ఆడగొంతులా, మగగొంతు మగగొంతులా చెప్పేవాడు. పందెం రోజు పొద్దున డ్రైవరు బయల్దేరుతుంటే పెళ్లాం వంటింట్లోంచి ఏదో అంటుంది. దాన్ని కాక ఇలా చదివేవాడు: "నీ కాళ్ల మీద నాకు నమ్మకం లేదు. నీ మొండితనం మీద ఉన్నది. పో. ఓడిపోతె గూడ ఇంటికే రా." రూమ్‌లో ఎవరూ కదిలేవారు కాదు. బ్యానర్ మడిచే మనిషి మాటను ఇలా చదివేవాడు: "ఆలిశమైతె అయింది గని, నువ్వు అచ్చేదాంక ఇప్పద్దని చెప్పిన." అక్కడ కాక వేలు ప్రతిసారీ గాలిలోనే కాసేపు ఆగేది.

నేను స్టోర్ కీపర్‌ని. సరుకు చీటీల మీది అరబ్బీ కోసమని మా ఒమనీ డ్రైవర్ దగ్గర అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒక శుక్రవారం, పెళ్లాం మాట దగ్గర, కింద ఉన్న అక్షరాలు నా నోట్లో వాటంతటవే కూడుకున్నాయి. బాబ్. తలుపు. కాక అటు మొండితనం, నమ్మకం అంటున్నాడు. కింద చూస్తే మూడే మూడు ముక్కలు, అందులో ఒకటి తలుపు. ఫోన్‌తో రెండు మూడు చోట్ల తెర ఫోటో తీసి మర్నాడు డ్రైవర్‌కు చూపించాను. పెళ్లాం అన్నది, తలుపు వేసి వెళ్లు, చలి. బ్యానర్ మనిషి అన్నది, పందెం ముగిసింది, పక్కకు జరుగు.

మా మొత్తం సినిమా కాక కడుపులోంచి పుట్టిందన్నమాట. అది తెలిసిన రోజు నేను ఆయన కాళ్లకు దండం పెట్టాల్సింది. స్టోర్ వెనక్కి పోయి కడుపు పట్టుకుని నవ్వాను. ఎవరికీ చెప్పలేదు. మంచితనం అనుకునేరు, కాదు. రూమ్‌లో అందరూ ఉన్న రోజు చూసి బయటపెడదామని దాచుకున్నాను.

ఆ తర్వాత ఇబ్రాలో ఒక సైట్‌కు పంపినప్పుడు పలక జారి కాక మోకాలి చిప్ప పగిలింది. క్లినిక్‌లో కాకినాడ నర్సమ్మ కట్టు కట్టి, రోజూ ఏదైనా ఊతంతో కొంచెం కొంచెం నడవమంది. కాక సన్నటి రీపర్ కర్రలు రెండు చెక్కి, చివర్లకు సైకిల్ ట్యూబు చుట్టుకున్నాడు. పొద్దున్నే క్యాంపు గోడ వెంబడి రెండు చేతులతో రెండు కర్రలు ముందుకు వేస్తూ, అచ్చం ఆ బస్సు డ్రైవరులా నడిచేవాడు. స్వీడన్ అని మొదట కేక వేసింది నేనే. వారం తిరిగేసరికి బెంగాలీలూ, పాకిస్తానీలూ, గేటు దగ్గరి వాచ్‌మన్‌తో సహా అందరికీ ఆయన స్వీడన్ అయిపోయాడు. నేను పక్కన నడుస్తూ, ముసలమ్మ దాటిపోతోంది చూడు స్వీడన్ అంటూ రన్నింగ్ కామెంటరీ చెప్పేవాణ్ణి. కాక కూడా నవ్వేవాడు. ఆయనకు నొప్పి పుడితే ఎడమ కన్ను మూసుకునేది. నవ్వేటప్పుడు కూడా ఆ కన్ను మూసుకుని ఉండటం నేను చూశాను. చూసి కూడా ఆపలేదు.

ఆయన కోరిక ఒక్కటే. ఊరికి కుంటుతూ పోకూడదు. మోకాలు విరిగిన సంగతి ఇంట్లో చెప్పలేదు. నడక సాఫు చేసుకుని, ఇంకో రెండేళ్లు పని చేసి, బస్టాండ్ నుంచి ఇంటిదాకా తన కాళ్ల మీద నడిచిపోవాలి. నర్సమ్మతో కూడా ఇదే చెప్పాడు.

ఒకరోజు మధ్యాహ్నం సైట్‌లో అన్నాలు తింటుంటే ఫోర్‌మన్ వచ్చి కాకకు ఒక కాగితం ఇచ్చాడు. లైట్ డ్యూటీ కాగితం, రేపటికల్లా సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చెయ్యి అని హిందీలో చెప్పి పోయాడు. కాక చేతులు కడుక్కుని, కాగితాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ సినిమా గొంతుతో మాకు చదివి వినిపించాడు. "మోకాలు మంచిగయ్యేదాంక గేటు కాడ కుర్చేసుకొని కూసునే డ్యూటీ ఇత్తరట. మంచిగైనంక మల్ల పాత పనే." అందరూ సంతోషించారు. నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను.

పైన పెద్ద అక్షరాలతో ఉన్న మాట నేను చదివాను. ఇల్గా. వద్దనుకున్న ఆర్డర్ల మీద నా స్టోర్‌లో పడే ముద్ర అదే. రద్దు. కింద కాక పేరు, వీసా నంబరు ఉన్నాయి.

అప్పుడు నేనేం చేశానో ఉన్నదున్నట్టు రాస్తాను. నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాను. సాయంత్రం రూమ్‌లో అందరి ముందూ, కాకా ఆ కాగితం ఇంకోసారి చదువు అంటాను, సినిమా సంగతి, ఈ సంగతి ఒకేసారి బయటపెడతాను, వారం రోజులకు సరిపడా నవ్వు అనుకున్నాను. కాగితం రేపు కదా ఇచ్చేది, తర్వాత మనమే ఆఫీసుకు పోయి మాట్లాడొచ్చు అని కూడా అనుకున్నాను. కాక ఆగలేదు. జేబులోంచి పెన్ను తీసి, తెలుగులో వచ్చిన ఆ ఒక్క సంతకం పెట్టి, కర్రలు రెండూ తీసుకుని అప్పుడే ఆఫీసుకు బయల్దేరాడు. ఆఫీసు సైట్‌కు అవతలి కొసన ఉంది. పరుగెత్తితే అందేవాణ్ణి. మోకాలు పగిలిన మనిషి, రెండు కర్రల మీద పోతున్నాడు. నేను అందుకోలేకపోయానంటే ఎవరు నమ్ముతారు? నా దగ్గరికి అప్పుడే టైల్స్ లారీ వచ్చింది. లెక్క చూసుకోవాలని వెళ్లాను. ఎండగా కూడా ఉంది.

నేను ఆఫీసుకు వెళ్లేసరికి కాగితం ఫైల్లోకి, దాని నకలు కాక జేబులోకి పోయాయి. తన ఇష్టంతోనే పని మానేస్తున్నాననీ, గాయం గురించి అడిగేది ఏమీ లేదనీ అందులో ఉంది. క్లర్కు నన్ను వింతగా చూసి, అతను చదివే సంతకం పెట్టాడు, మా ముందే చదివాడు అన్నాడు. అది నిజం. కాక అక్కడ కూడా వేలు జరుపుతూ చదివి ఉంటాడు.

మూడో రోజు టికెట్ వచ్చింది. లీవు ఇచ్చారని రూమ్‌లో చెప్పాడు కాక. వాళ్లు నమ్మారు. స్వీడన్‌కు లీవు దొరికిందని క్యాంపంతా కేకలు. మొలల డబ్బా గుమ్మం పక్కన పెట్టాడు, గ్లాసు రెండుసార్లు కడిగి బోర్లించాడు. సామాను వ్యాన్‌లో పెట్టింది నేను. అక్కడ ఎవరూ లేనప్పుడు ఆయన నాతో అన్న మాట ఇది.

"నాకు సదువ రాదని నీకు ఎర్కే గదరా కొడుకా. నువ్వు డ్రైవర్‌కు ఫోన్ల సినిమా సూపెట్టిన నాడు నేను లారీ అవుతలనే ఉన్న. ఆ కాయితం ఇచ్చిననాడు నువ్వు నా ఎనుక నిలవడ్డవు. నీకు సదువత్తది. నువ్వు ఊకున్నవంటె మంచి కాయితమే అనుకున్న."

కోపంగా అనలేదు. నాకు లెక్క ఎక్కడ తప్పిందో చూపిస్తున్నట్టు అన్నాడు. ఆయన ఎడమ కన్ను మూసుకుని వ్యాన్ ఎక్కాడు.

అది మూడు నెలల కిందటి సంగతి. మొన్న శుక్రవారం మాడిన పోపు గిన్నె తోమి పెట్టాక ఆ అబ్బాయికి కాగితం మొత్తం చదివి పంపాను. ఆ రోజు నేను వెనక నిలబడిన సంగతి కూడా చెప్పాను. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు, వస్తుందని కూడా అనుకోవడం లేదు.

మధ్యాహ్నం అన్నం ఎవరికీ సయించలేదు. కాక పేరు మీద సినిమా పెడదామని ఒకరన్నారు. చక్రాల దగ్గర, ముసలమ్మ దగ్గర ఎవరూ నవ్వలేదు. చివరికి డ్రైవరు ఈడ్చుకుంటూ వచ్చాడు. బ్యానర్ మడిచే మనిషి నోరు తెరిచాడు. రూమ్‌లో అందరూ నా వైపు తిరిగారు. "కాక ఉంటె చెప్పెటోడు. నీకు అచ్చరాలు అత్తయి గద, ఏమంటున్నడో జర సదువు" అన్నాడు పక్కనున్నాయన.

అక్షరాలు తెర మీద స్పష్టంగా ఉన్నాయి. ఇప్పుడు నాకు కూడుకోవాల్సిన పని కూడా లేదు. నేను వేలు పైకెత్తి కుడి నుంచి ఎడమకు జరిపాను.

"ఆలిశమైతె అయింది గని, నువ్వు అచ్చేదాంక ఇప్పద్దని చెప్పిన అంటున్నడు" అన్నాను.

కాక కూడా అదే చెప్పేవాడని వాళ్లు తలలూపారు. తెర మీద ఆ మనిషి డ్రైవరు వైపు చూడను కూడా చూడలేదు. బ్యానర్ మడత పెడుతూనే ఉన్నాడు.