ముక్కలు లెక్కలోకి రావు

ఈ సాయంత్రం ఎదురింటి చెల్లి గేటు దగ్గర నిలబడి, బడిలో వేసి నెల దాటినా కొడుక్కి అంకెలు ఎక్కడం లేదని బెంగపడింది. "ఏటవుతాడో అక్కా ఈడు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె చిన్నబుచ్చుకుంది. నేను నవ్వింది వాళ్లబ్బాయిని చూసి కాదు, రెండేళ్ల కిందటి నన్ను తలుచుకుని. పిల్లలు నిద్రపోయారు కాబట్టి ఆ సంగతి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మా పెద్దది ఎల్‌కేజీలో చేరిన ఏడు మేం పలాసలో అత్తగారింట్లోనే ఉండేవాళ్లం. అత్తగారు జీడి ఫ్యాక్టరీ నుంచి పప్పు తెచ్చుకుని, అరుగు మీద చేటలో పోసుకుని, పగలని గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు ఏరేవారు. బడి నుంచి రాగానే పిల్ల బూట్లయినా విప్పకుండా ఆ చేట ముందు చతికిలబడేది. నేను అక్కడినుంచి లాక్కొచ్చి అంకెల పుస్తకం ముందు కూర్చోబెట్టేదాన్ని.

టీచరమ్మ టెక్కలి నుంచి బస్సులో వచ్చే నిదానమైన మనిషి. ఒకరోజు నన్ను ఆపి, "పాపకి లెక్క కుదరటం లేదమ్మా. ఇంకో ఏడు ఇదే క్లాసులో ఉంచుదామా, ఆలోచించండి" అన్నారు. ఇక ఇంట్లో మేం లెక్కపెట్టని వస్తువు లేదు. మెట్లు, చొక్కా గుండీలు, చివరికి ఇడ్లీలు. అన్నీ సరిగ్గానే చెప్పేది. ఇంట్లో వచ్చింది బడిలో ఎటు పోతోందని నాకు ఇంకా భయం. "నువ్వు లెక్కెట్టించి లెక్కెట్టించి ఇడ్లీ సల్లారిపోనాది. ముందర దాన్ని తిననీ" అనేవారు మా ఆయన.

ఉండబట్టలేక బడికి వెళ్లి కూర్చున్నాను. టీచరమ్మ బల్ల మీద పది చింతపిక్కలు పోశారు. పిల్ల వాటిని అరచేత్తో పరిచి, పగిలినవాటిని రెండు వేళ్లతో పక్కకి తోసి, మిగిలినవి లెక్కపెట్టి "ఏడు" అంది. చూశారా అన్నట్టు టీచరమ్మ నావైపు చూశారు. నేను ఆ రెండు వేళ్లనే చూస్తున్నాను. ఆ తోయడం అచ్చం మా అత్తగారిదే.

"మరి ఇవేటమ్మా?" అన్నాను, పక్కన పడ్డవాటిని చూపించి.

"ముక్కలు."

"ఎన్ని?"

"మూడు."

"అన్నీ కలిపితే?" అన్నారు టీచరమ్మ.

పిల్ల ఆవిడ వంక జాలిగా చూసింది. "కలపకూడదు టీచర్. నానమ్మ తిడతాది."

టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు. తర్వాత పిల్లని దగ్గరకి తీసుకుని, బడిలో ముక్కలు కూడా లెక్కేనని చెప్పారు. ఇదే క్లాసులో ఉంచే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ పాఠం ఎంత బాగా ఎక్కిందంటే, ఆ సాయంత్రమే పిల్ల నేరుగా అరుగెక్కి, అత్తగారు మధ్యాహ్నం నుంచి ఏరిన కుప్పలన్నీ ఒకటిగా కలిపేసి, "అన్నీ లెక్కే నానమ్మా" అంది. అత్తగారు నావైపు తిరిగి, "నీ కూతురు పాసయిపోనాది, నా పని ఫెయిలయిపోనాది. రండి, ఇద్దరూ కూకోండి" అన్నారు. దీపాలు పెట్టే వేళదాకా ముగ్గురం ఏరుతూనే ఉన్నాం. పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుని, అటు పప్పు ఇటు, ఇటు పప్పు అటు మారుస్తూ మహా హడావిడి పడింది.

ఆ ఏడాది నాకు బెంగతో ఎంతకీ గడవలేదు. ఎక్కడ కలపాలో, ఎక్కడ విడదీయాలో తనకి ఏ రోజున తెలిసిందో మాత్రం నేను చూడనేలేదు. మనం కంగారుపడే కాలం పక్కనుంచే పిల్లలు పెరిగే కాలం చప్పుడు చేయకుండా వెళ్లిపోతుంది.