‘జత’ అనే మాట

ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను పన్నెండేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న మనిషి ఆయన. దానికి జీతం లేదు. పగలు బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రం వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచి, ముఖమెరుగని వాళ్ల ఫిర్యాదులు పెదవులు కదుపుతూ చదువుతాడు. ఇబ్బందిపెట్టేది కనిపిస్తే జవాబు రాయడు, లేచి వెళ్లి ముఖం కడుక్కుని వస్తాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు పేర్లను పోల్చమని కంప్యూటర్‌కు చెప్పే ఆదేశానికి ‘జత’ అని పేరు పెట్టింది, ఇప్పుడు బతికి లేని ఆయన స్నేహితుడు. అచ్చంగా ఒకటే అయినవాటినే కాదు, దగ్గరదగ్గరగా ఉన్నవాటినీ అది కలిపేస్తుంది. ఆ పేరు చూసి అచ్చంగా ఒకటైనవే కలుస్తాయనుకుని మోసపోతున్నాం, మార్చండని ఎందరో రాశారు. ఆయన ప్రతిసారీ ముఖం కడుక్కున్నాడు.

మొన్న ఒక ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఇంచుమించు ఒకే పేరున్న ఇద్దరు రోగుల వివరాలు ‘జత’ వల్ల కలిసిపోవడంతో, ఒకావిడ మందు ఇంకొకావిడకు ఎక్కించారు. ఆ రెండో ఆవిడ బతకలేదు. ఆ సాయంత్రమే ఆయన జరిగింది చెబుతూ ప్రకటన రాశాడు: ‘జత’ ఇక వాడవద్దు, ‘పోలిక’ అని రాయండి, పాత మాటను రెండేళ్ల తర్వాత తొలగిస్తాం.

మర్నాడు అది చదివి ఆ స్నేహితుడి భార్య ఫోన్ చేసింది.

“అన్నయ్యా, ఆ పేరు ఆయన పెట్టిందేగా. అంటే తప్పు ఆయనదేనా?”

“పేరు వాడిదమ్మా. మార్చమని అందరూ మొత్తుకుంటుంటే, వాడి గుర్తుగా ఉండనీ అని కదలకుండా కూర్చున్నది నేను.”

“మరి ఇప్పుడే తీసేయొచ్చుగా?”

“ఉన్నట్టుండి తీస్తే ఎక్కడ ఏం ఆగిపోతుందో తెలీదు. రెండేళ్లు ఆగాల్సిందే. అందాకా అది పని చేస్తూనే ఉంటుంది.”

ఎన్ని ఆసుపత్రుల్లో అని ఆమె అడగలేదు. అడిగినా ఆయనకు తెలియదు.