పేరులేని పేజీ

మా లైబ్రరీ సార్ పోయారని సోమవారం పొద్దున తార్నాకలోని ఆయన ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను క్యాంపస్‌లో, మా విభాగం లైబ్రరీ గదిలో, ఆయన ఒకప్పుడు కూర్చున్న కుర్చీలోనే ఉన్నాను. ఏం చెయ్యాలో తోచక కంప్యూటర్ ఆపేసి మళ్ళీ ఆన్ చేశాను.

ఉద్యోగకాలమంతా, ఏ పుస్తకం ఎక్కడుందో వెతుక్కునే కార్డులు రాసిన మనిషి. రిటైరయ్యాక కూడా వారానికి రెండుసార్లు నడుచుకుంటూ వచ్చేవారు. విభాగం వెబ్‌సైట్ పని నా నెత్తిన పడ్డ కొత్తలో, ఉన్న పేజీలన్నిటికీ 'మా విభాగానికి స్వాగతం' అనే శీర్షిక పెట్టాను. గూగుల్‌లో వెతికితే ప్రతి పేజీకి పై వరుసలో కనబడేది ఆ శీర్షికే. సార్ నా ఫోన్ తీసుకుని, చెయ్యి బారుగా చాచి చూశారు.

"స్వాగతం కోసం ఎవరన్న వెతుకుతరా బిడ్డా? ఒకరికి హాస్టల్ ఫారం కావాలె, ఒకరికి పాత పరీక్ష పేపర్ కావాలె. వాళ్ళు ఏ మాట కొడతరో గదే ముందు పెట్టు."

పొడుగ్గా రాసుకొస్తే ఒప్పుకునేవారు కాదు. శీర్షిక చివరి సగాన్ని బొటనవేలితో కప్పి, "ఫోన్ల ఇంతే కనబడతది. ఇప్పుడు చెప్పు, ఇదేం పేజీ?" అనేవారు. చెప్పలేకపోతే మళ్ళీ రాయాల్సిందే. నేను మొహం మాడ్చుకుంటే చాయ్ తెప్పించేవారు. ఆ చాదస్తం నాకు అన్నం పెడుతోంది.

సంతాప సభ నోటీసు పెట్టమని నాకే చెప్పారు. సార్ పేరు, బుధవారం సాయంత్రం నాలుగు గంటలు, సెమినార్ హాలు, అన్నీ పేజీలో రాశాను. కళ్ళు తుడుచుకుంటూ, శీర్షిక గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీగా వదిలితే సైట్ తనే 'పేరులేని పేజీ' అని వేసుకుంటుంది. సార్ దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క పనిని సార్ కోసం చెయ్యలేకపోయాను.

గురువారం ఆయన పాత విద్యార్థి ఒకాయన కాచిగూడలో రైలు దిగి నేరుగా మా గదికి వచ్చాడు. సభ ముందురోజే అయిపోయిందని చెప్పాను.

"సార్ పేరు కొట్టి వెతికిన మేడం. పేరులేని పేజీ అని ఒకటొచ్చింది. ఏదో ఖాళీదనుకుని కిందికి పోయిన," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ క్షణమే శీర్షిక మార్చాను, సార్ పేరు ముందు పెట్టి. కానీ వెతికితే పాతదే వస్తోంది. గూగుల్ మళ్ళీ మన పేజీ దగ్గరకు వచ్చి చూసేదాకా అంతే. మళ్ళీ చూడమని అడగవచ్చు, అడిగాను. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఆదివారం తార్నాక వెళ్ళాను. సార్ భార్య, అమ్మగారు, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మీ సార్ గురించి ఏదో పెట్టిన్రంట గదా. ఫోన్ల ఆయన పేరు కొడితే వస్తదంట. చూపియ్యి బిడ్డా."

పేరు కొట్టాను. వచ్చింది, ఇంకా అలాగే. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ మీదికి వంగేలోపు నేను ఆ పై వరుసను బొటనవేలితో కప్పేశాను.

"వేలు తియ్యి బిడ్డా, కనబడ్తలేదు," అన్నారామె.