బొమ్మలో లేని వాన

కరోనా రెండో విడత సద్దుమణిగాక వాతావరణ శాఖలో నాకు నర్సీపట్నం పోస్టింగు వచ్చింది. ఉద్యోగంలో అదే చివరి మజిలీ అని నాకూ తెలుసు, పంపినవాళ్లకూ తెలుసు. హోదా మెటియరాలజిస్టు, బాధ్యత ఆఫీసర్ ఇన్‌చార్జి. పేరు వింటే ఘనంగానే ఉంటుంది. చూస్తే ఊరి చివర ప్రహరీ లోపల రెండు గదుల డాబా, వెనక ఆవరణలో తెల్లరంగు వేసిన జాలీ తలుపుల పెట్టెలో థర్మామీటర్లు, పక్కన వర్షమాపకం, డాబా మీద గాలి దిక్కు చూపే బాణం. నేను చేరేటప్పటికి నాతో పాటు ఒక అబ్జర్వర్ ఉండేవాడు. ఏడాది తిరక్కుండానే అతన్నీ బదిలీ చేశారు. ఆ తర్వాత అధికారినీ నేనే, సిబ్బందినీ నేనే, గేటు తాళం తీసేవాణ్ణీ నేనే.

మా పని రెండు రకాలు. మొదటిది పరిశీలన. మూడు గంటలకోసారి, ప్రపంచమంతా ఒకే వేళకు, ఎండ ఎంత, గాలి ఎటు, మబ్బు ఏ రకం అన్నవి చూసి అంకెల్లోకి మార్చి పైకి పంపాలి. ఇది తప్పితే సంజాయిషీ రాయాలి. రెండోది చుట్టుపక్కల మండలాలకు స్థానిక సూచన. ఇది తప్పితే అడిగేవాడు లేడు. హెచ్చరిక జారీ చేసే అధికారం ప్రాంతీయ కార్యాలయానిది. మేము ఫోన్లో నాలుగు మాటలు చెప్తే అది సలహా కింద లెక్క.

ఇక రాడార్ సంగతి. అది తీరం దగ్గర ఉండేది. తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది, వానచినుకులకు తగిలి వెనక్కి వచ్చినదాన్ని ఎకో అంటాం, ఆ ఎకో తీవ్రతను బట్టి బొమ్మ మీద రంగులు పడతాయి. గొప్ప పరికరమే, కాదనను. కానీ అది కూడా యంత్రమే. ఏదో ఒక భాగం కాలిపోతుంది, కొత్తది ఎక్కడినుంచో రావాలి, వచ్చేదాకా తిరగదు. తిరిగే రోజుల్లో కూడా మా పడమటి కొండల అవతల ఏముందో దానికి సరిగా ఆనదు. ఈ రెండు లోపాలూ మా వృత్తిలో అందరికీ తెలిసినవే. తెలియనివాళ్లు ఆ బొమ్మను చేతిలో పట్టుకుని తిరిగే జనం.

ఆ బొమ్మ ఫోన్లలోకి వచ్చిన కొత్తలో నగరం నుంచి శిక్షకులు వచ్చి మండలాల్లో సమావేశాలు పెట్టారు. ఆకుపచ్చ ఉంటే చిన్న వాన, పసుపు ఉంటే పెద్ద వాన, ఎరుపు ఉంటే పిడుగులు, రంగు లేకపోతే వాన లేదు. రైతులు ఇట్టే పట్టుకున్నారు. రాడార్ ఆగిపోయినా రంగు ఉండదన్న సంగతి మాత్రం ఆ పాఠంలో లేదు. మా ఆఫీసుకు ఫోన్లు తగ్గిపోయాయి. కొంచెం చిన్నతనంగా అనిపించినా, పోనీ, సుఖంగా ఉందిలే అనుకున్నాను.

నేను చెప్పబోయేది మే నెలలో ఒక మధ్యాహ్నం. మా ప్రాంతంలో అప్పుడు జీడిపిక్కల పని చివరికొస్తుంది. వేసవి ఉరుముల వానలు కూడా ఆ రోజుల్లోనే. పొద్దుట ఎండ మాడుస్తుంది, మధ్యాహ్నానికి కృష్ణదేవిపేట వైపు కొండల మీద మబ్బు లేస్తుంది, గాలి కలిసొస్తే కిందికి దిగి నర్సీపట్నం మీదుగా కోటవురట్ల వైపు పోతుంది. జీడితోటలు ఎక్కువగా ఉండేది ఎత్తుగా ఉండే మెట్టల మీద. పిడుగుకు అంతకన్నా అనువైన చోటు ఉండదు.

అప్పటికి కొన్ని రోజులుగా రాడార్ పనిచేయడం లేదు. ఆఫీసులకు సమాచారం వచ్చింది. ఫోన్లలో మాత్రం పటం యథావిధిగా వస్తూనే ఉంది, ఒక్క రంగు మరక లేకుండా.

భోజనం చేసి డాబా ఎక్కాను. కొండల మీద మబ్బు కాలీఫ్లవర్ పువ్వులా ఉబ్బి, పైభాగం పలచబడి ఒక పక్కకు సాగుతోంది. మా భాషలో దాన్ని సీబీ అంటాం, అంటే ఉరుముల మబ్బు. పైభాగం అలా సాగిందంటే అది పూర్తిగా తయారైనట్టే. కృష్ణదేవిపేటలో రత్నకుమారి టీచరుగారని ఉండేవారు. మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. మా వర్షమాపకం ఒకటి వాళ్ల పెరట్లో ఉండేది, రోజూ వాన కొలిచి చెప్పేవారు. ఆవిడకు ఫోన్ చేశాను. గాలి ఒక్కసారిగా చల్లబడిందనీ, పడమర నల్లగా ఉందనీ, ఆరేసిన బట్టలు తీస్తున్నాననీ చెప్పారు. అంటే మబ్బు కిందికి దిగుతోంది.

వెంటనే ప్రాంతీయ కార్యాలయం డ్యూటీ ఆఫీసరుకు చెప్పాను. మర్యాదస్తుడు, నాకన్నా చాలా చిన్నవాడు. రాబోయే మూడు గంటలకు ఇచ్చే సూచనను నౌకాస్ట్ అంటాం. అది వెయ్యమని అడిగాను. ఎకో లేకుండా నౌకాస్ట్ వేస్తే రేపు నన్నడుగుతారు సార్ అన్నాడు. ఉపగ్రహ చిత్రం వచ్చాక చూస్తానన్నాడు. ఉరుము వినపడితే పరిశీలనలో పంపమన్నాడు. ఉరుము వినపడ్డాక నౌకాస్ట్ ఎందుకు నాయనా అని అడగాలనిపించింది. అడగలేదు. అతను రూలు ప్రకారమే మాట్లాడుతున్నాడు.

ఇక నా దగ్గరున్న ఊరి పెద్దల, రైతుల నంబర్లకు వరసగా ఫోన్లు చేశాను. చాలా ఊళ్లలో విన్నారు, మైకులో చెప్పించారు. కోటవురట్ల అవతల మెట్ట మీద అప్పలరాజు అనే మేస్త్రీ జీడితోట కౌలుకు తీసుకుని, తన భార్యతో, ఊరి ఆడవాళ్లతో పిక్కలు ఏరిస్తున్నాడు. అతను ఫోనెత్తి మర్యాదగానే విన్నాడు.

"ఇప్పుడే సూసేనండి. బొమ్మలో ఏటీ నేదు. తెల్లగుంది" అన్నాడు.

రాడార్ పనిచేయడం లేదయ్యా, అందుకే తెల్లగా ఉంది అని చెప్తుండగానే సిగ్నల్ పోయింది. మళ్లీ కలవలేదు.

రెండున్నర పరిశీలన వేళ దగ్గరపడుతోంది. ఇంకొక మనిషి ఉండి ఉంటే ఒకరు పరికరాల దగ్గర ఉండి, ఒకరు బండి మీద వెళ్లేవాళ్లం. ఒక్కణ్ణే కాబట్టి ఏదో ఒకటి వదలాలి. పరిశీలన వదిలి స్కూటర్ తీశాను. ఇన్నేళ్ల సర్వీసులో కావాలని వదిలిన పరిశీలన అదొక్కటే.

నేను వెళ్లేటప్పటికి మెట్ట మీద ఎండ కాస్తూనే ఉంది. అప్పలరాజు ఫోన్ చూపించబోయాడు. నేను పడమరకు చెయ్యి చూపించాను. చెట్ల వల్ల వాళ్లకు అటువైపు ఆనదు. తోట అంచుకు తీసుకెళ్లాక అతని ముఖం మారింది. అందరినీ కేకేశాడు. అతని భార్య నూకాలు బుట్ట నడుముకు ఆనించుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటండీ బాబూ, ఇంత ఎండ కాస్తంటే వానంటారేటి. మధ్యాన్నం పని సగంలో ఆపీమంటే ఈళ్లకు కూలి మీరిస్తారేటండీ" అంది.

వాన రాకపోతే ఇస్తానన్నాను. అందరూ నవ్వుకుంటూనే దిగారు. ఊళ్లో స్కూలు వరండాలోకి చేరేలోపు గాలి మొదలైంది. ఆ తర్వాత జరిగింది వర్ణించను. మెట్ట మీద వాళ్లు అప్పటిదాకా ఏరుతున్న వరసలో ఒక చెట్టు నిలువునా చీలింది. ఆ చప్పుడుకు వరండాలో కూర్చున్న ఒక ముసలావిడ ఏడుపు లంకించుకుంది. నూకాలు కొంగు తల మీద కప్పుకుని, "కూలి ఒద్దులెండి బాబూ" అంది. అందరం గట్టిగా నవ్వాం. భయం తీరాక వచ్చే నవ్వు అది.

వారం లోపల మెమో వచ్చింది. ఫలానా వేళ పరిశీలన ఎందుకు రాలేదో వివరించండి అని. ఉన్నదున్నట్టు రాశాను. హెచ్చరికల జారీ మీ పరిధిలోది కాదు, ఇకముందు జాగ్రత్తగా ఉండండి అని జవాబు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అయితే ఆ కోపం మెమో రాసినవాడి మీద కాదు. మా లెక్కల పద్ధతే అలాంటిది. మనిషి పోతే పట్టికలో ఎక్కుతుంది. పోకుండా ఆగితే ఎక్కడా ఎక్కదు. నేను రిటైరయ్యే ముందు జరిగిన సమీక్షలో, మూడేళ్లలో ఈ ఆఫీసు ఏం సాధించింది అని అడిగినప్పుడు నా దగ్గర చూపడానికి ఒక తప్పిపోయిన పరిశీలన తప్ప ఏమీ లేదు.

అప్పలరాజు మాత్రం ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు. డాబా ఎక్కి చూసి చెప్పేవాణ్ణి. నిజానికి చాలా రోజులు నేను చెప్పింది ఒకటే: ఈవేళ రాదు, పని చూసుకోండి. ఆ తర్వాతి వేసవిలోనూ అంతే. నాకు అదేమంత పెద్ద సేవగా అనిపించలేదు. వాన వస్తుందని చెప్పిన రోజులే నా పనితనం అనుకునేవాణ్ణి.

నేను రిటైరైన నెలలోనే ఆఫీసు మూసేశారు. ఆవరణలో సౌరఫలకంతో నడిచే ఆటోమేటిక్ పరికరం ఒకటి పెట్టి చుట్టూ కంచె వేశారు. రాడార్ ఉంది, ఫోన్లో బొమ్మ ఉంది, ఇక మనిషి ఎందుకన్నది వాదన. కాగితం మీద ఆ వాదనలో తప్పు పట్టలేం. టీచరుగారి పెరట్లోని వర్షమాపకాన్ని కూడా తీసుకుపోయారు. ఆవిడ తర్వాత తునిలో బంధువుల దగ్గరికి వెళ్లిపోయారని విన్నాను. నేను రాజమండ్రిలో స్థిరపడ్డాను.

మరుసటి వేసవిలో రాడార్ మళ్లీ ఆగింది. అప్పలరాజు ఫోన్ చేశాడు.

"బొమ్మ తెల్లగుందండి. అది పనిసేస్తందో నేదో నాకు తెల్దు. మీరేటంటారు?"

ఎలా అడగాలో అతను నేర్చుకున్నాడు. నా బాల్కనీ లోంచి కనిపించేవి ఎదుటి అపార్టుమెంటు నీళ్ల ట్యాంకులు. ఉపగ్రహ చిత్రం తెరిచి చూస్తే కొండల మీద ఏదో మబ్బు ఉంది. అది పెరుగుతోందో కరుగుతోందో, గాలి అటు తిరిగిందో లేదో ఆ చిత్రం చెప్పదు. తోట అంచు నుంచి చూసి అతను మబ్బుందని చెప్పగలడు, అది ఏ దశలో ఉందో చెప్పలేడు. దిగిపొమ్మన్నాను. దిగారు. చుక్క పడలేదు.

రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగాడు. మళ్లీ దిగమన్నాను. ఆ రోజూ వాన లేదు. ఇంకోసారి కూడా అలాగే అయింది. అతను నన్ను ఏమీ అనలేదు. సగం రోజు పని పోతున్నందుకు ఆడవాళ్లు సణుగుతున్నారనీ, కొందరు వేరే తోటకు వెళ్లారనీ మాత్రం చెప్పాడు. రాదని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. చూడకుండా ఆ మాట ఏ ఫోర్‌కాస్టరూ చెప్పడు, చెప్పకూడదు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఫోన్ రాలేదు. రాడార్ బాగైందేమో అనుకున్నాను. ఒకనాటి సాయంత్రం అతని నంబరు కనబడింది. మెట్ట మీద పిడుగు పడిందనీ, నూకాలు అక్కడికక్కడే పోయిందనీ చెప్పాడు. మిగతావాళ్లకు దెబ్బలు తగలలేదట. ఆవేళ నన్నెందుకు అడగలేదయ్యా అన్నాను.

"మీరు దిగీమనే సెప్తారని తెలుసండి. అందుకే అడగనేదు" అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అతను ఉన్న సంగతి చెప్పాడు.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు అప్పుడప్పుడు నన్ను కలుస్తుంటారు. రాడార్లు పెరిగాయి, పాడైతే బాగుచేయడం కూడా కాస్త త్వరగానే జరుగుతోందని చెప్తారు. సంతోషమే. స్థానిక కార్యాలయాలు ఎందుకు అని వాళ్లు అడిగితే, నర్సీపట్నం నాకు నేర్పింది ఇది అని చెప్తాను. పిడుగు పడవచ్చు, జాగ్రత్త అని ఎంత దూరం నుంచైనా చెప్పవచ్చు. అలా రోజూ చెప్తే వినడం మానేస్తారు, అది వాళ్ల తప్పు కాదు, వాళ్లు పనికి పోవాలి. ఈవేళ రాదు, పని చేసుకోండి అని చెప్పడానికి మాత్రం ఆ ఆకాశం కిందే ఒక మనిషి ఉండాలి. ఆ మాట నమ్మకంగా చెప్పేవాడు ఉన్నప్పుడే, దిగిపోండి అన్న రోజున జనం దిగుతారు.