మా పికప్‌లో పోసిన ఇరవై–నలభై ఆయిలు

ఈ సంగతి ఇప్పుడు రాసి పెట్టకపోతే ఇంకొన్నేళ్లకు అది పూర్తిగా మా బావ పేరు మీద స్థిరపడిపోతుందని నాకు గట్టిగా అనిపించింది కాబట్టి రాస్తున్నాను. మొన్న మార్కాపురంలో మా మేనల్లుడి బండికి ఆయిలు కొందామని ఒక స్పేర్‌పార్ట్స్ దుకాణానికి వెళ్లాను. నా ముందున్న డ్రైవరు చిక్కటి ఆయిలే కావాలని మొండికేస్తుంటే, దుకాణదారు కౌంటరు కింది నుంచి రెండు రాతి పలకలు తీసి, గోడకు ఏటవాలుగా ఆనించి, పై అంచున రెండు రకాల ఆయిలు ఒక్కో చుక్క వేసి, ఏది ముందు జారుతుందో చూడమన్నాడు. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని ఏమీ ఎరగనట్టు అడిగాను.

"గిద్దలూరు డ్రైవరన్నది పెద్దాయనా. ఆయిలు సంగతి ఆయనకు తెలిసినట్ల మన దిక్కున ఎవురికీ తెలీదు," అన్నాడు.

ఆ గిద్దలూరు డ్రైవరన్న మా చెల్లెలి భర్త. ఆ పలకల పరీక్ష నాది. డబ్బా పట్టుకుని బయటికి వచ్చాను గానీ, ఇంటికి చేరేదాకా కడుపులో మంట తగ్గలేదు. డెబ్బయ్యో పడికి దగ్గరపడ్డవాడికి ఇంకా ఈ మంట ఏమిటని మీరు అనుకోవచ్చు. నా వయసువాళ్లు, ఇంటికి అల్లుడు వచ్చిన తర్వాత కొడుకులుగా బతికినవాళ్లు, అట్లా అనుకోరని నా నమ్మకం.

మా నాయన పలకల గనిలో రాయి చీల్చిన మనిషి. వయసు మళ్లి ఉలి పట్టలేకపోయాక, ఎవరో వాడి వదిలేసిన డీజిల్ పికప్ ఒకటి కొన్నాడు. అది గని నుంచి ఫ్యాక్టరీలకు పలకరాయి తోలేది, పని లేని రోజుల్లో దోర్నాల హోటళ్లకు కూరగాయలు చేరవేసేది, అప్పుడప్పుడు శ్రీశైలం ఘాటు రోడ్డు కూడా ఎక్కేది, చర్చి సభలు వస్తే కుర్చీలనూ షామియానానూ వాటితోపాటు పాటలు పాడే అమ్మలందరినీ మోసేది. ఇంట్లో అందరి అన్నం ఆ బండి మీదే. నేను పదో తరగతితో చదువు ఆపేసి ఒక పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి, సెలవు రోజుల్లో బండి నడిపేవాణ్ణి, సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. బడిలో నేర్చుకున్నది పదితో అయిపోయింది గానీ గ్రంథాలయంలో నేర్చుకున్నది ఇప్పటికీ అయిపోలేదు. అక్కడ నేను చదవని అలమర లేదని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. తేనెటీగల పెంపకం మీద పుస్తకం కూడా చదివాను, ఒక్క తేనెటీగను పెంచకపోయినా.

మా చెల్లెలిని గిద్దలూరు ఇచ్చాము. బావ చిన్నప్పటి నుంచి లారీల మీద తిరిగినవాడు, బొంబాయి దాకా, ఇంకా అవతలిదాకా పోయి వచ్చినవాడు. మనిషి ఎత్తుగా, మీసం చక్కగా, నవ్వితే నలుగురూ నవ్వేటట్టు ఉండేవాడు. ఆయన వస్తున్నాడంటే నాయన తానే నులక మంచం నీడలోకి లాగేవాడు. నాకు బండి తాళం కావాలంటే గోడకున్న మేకు మీది నుంచి నేనే తీసుకోవాలి. బావకైతే నాయన దాన్ని కండువాతో తుడిచి చేతికి అందించేవాడు. చిన్న విషయమే. కానీ ఆ కండువా కదిలిన ప్రతిసారీ నా కళ్లు అటే పోయేవి.

అప్పటికే మా బండి ఇంజిన్ ముసలిదైంది. పొద్దున్నే వెనక నీలిపొగ వదిలేది, ఆయిలు తాగేది, ఘాటు ఎక్కేటప్పుడు ఆయిలు సరిగా అందడం లేదని చెప్పే ఎర్ర లైటు మిణుకుమిణుకుమనేది. ఇంజిన్ విప్పి బాగు చేయించే స్తోమత మాకు ఆ ఏడు లేదు. మంచి ఆయిలు పోసుకుంటూ ఎండాకాలం దాకా నెట్టుకురమ్మని, మా బండి ఎప్పుడూ బాగుచేసే షెడ్డు మెకానిక్ మామ చెప్పాడు. ఏది మంచి ఆయిలు అన్నదే ప్రశ్న. బావ ఒక్క క్షణం ఆలోచించలేదు. ముసలి ఇంజిన్‌లో సందులు పెరుగుతాయనీ, ఘాటు మీద వేడికి పలుచని ఆయిలు నీళ్లయిపోతుందనీ, యాభై నంబరు పోయాల్సిందేననీ తేల్చేశాడు. పొలాల్లో మోటారు ఇంజిన్లకు పోసే ఆ ఆయిలు ఆముదంలాగా ఉండేది. నాయన మారుమాట్లాడకుండా దాన్నే పోయించాడు. నన్నెవరూ అడగలేదు.

న్యాయంగా చెప్పాలంటే మొదట్లో బాగానే ఉంది. పొగ కొంచెం తగ్గింది, ఘాటు మీద లైటు వెలగలేదు. నాయన ఊరంతా తిరిగి అల్లుడి తెలివి గురించి చెప్పాడు. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. తర్వాత చలికాలం వచ్చింది. తెల్లవారుజామున గనికి బయలుదేరాలంటే స్టార్టరు మూలిగేది తప్ప ఇంజిన్ తిరిగేది కాదు. ఆయిలు గడ్డపెరుగులా కూర్చుని ఉంటే పాపం అది మాత్రం ఏం చేస్తుంది? బ్యాటరీ దిగిపోయేది. వీధిలో వాళ్లను లేపి తోయించాల్సి వచ్చేది. ఇంజిన్ అందుకున్నా ఎర్ర లైటు ఆరడానికి చాలాసేపు పట్టేది. అంటే అంతసేపూ లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటున్నట్టే. క్రిస్మస్ సభల సామాను తోలే పని మాకే ఒప్పజెప్పి ఉన్నారు, అది అయ్యీ కాకముందే గని లోడ్లు ఉన్నాయి. ఈ ఇంజిన్ ఆ నెలలో చేతులెత్తేస్తే మా ఇంటి సంగతి ఏమిటో అందరికీ తెలుసు. బావ మాత్రం బ్యాటరీ మార్చమన్నాడు.

నేను గ్రంథాలయానికి పోయాను. అట్ట ఊడిపోయిన ఒక యంత్రశాస్త్ర పుస్తకం దొరికింది. దాంట్లో స్నిగ్ధత అనే మాట మొదటిసారి చదివాను. ద్రవం పారడానికి ఎంత మొరాయిస్తుందో అదే దాని స్నిగ్ధత. వేడి తగిలితే తగ్గుతుంది, చలికి పెరుగుతుంది. రెండు అంకెలున్న ఆయిలులో, డబ్ల్యూ అక్షరం పక్కన ఉన్న మొదటి అంకె చలిలో అది ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, రెండోది ఇంజిన్ కాగిన తర్వాత ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఆ తర్వాత మెకానిక్ మామ పెట్టెలో మా రకం బండి మాన్యువల్ వెతికించాను. వాతావరణాన్ని బట్టి ఏ ఆయిలు వాడాలో పట్టికలో ఉంది. మన ఎండలకూ మన చలికీ సరిపోయే గడిలో ఇరవై–నలభై ఉంది. ఒట్టి యాభై ఆ పట్టికలో ఎక్కడా లేదు. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం బండి బాగుపడుతుందని కలిగిందా, బావ తప్పని తేలినందుకు కలిగిందా అంటే, రెండోదే ఎక్కువ.

ఆయిలు మార్చాల్సిన వేళకు బావ మా ఇంట్లోనే ఉన్నాడు. భోజనాల దగ్గర నేను విషయం ఎత్తాను. స్నిగ్ధత అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఏందీ, స్నిగ్ధతా?" అని బావ అన్నం ముద్ద పట్టుకునే నవ్వాడు. "మీ చెల్లెలికి ఆడపిల్ల పుడితే పెట్టుకుందాంలే బావా, పేరు బాగుండాది."

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. నేను పట్టుదలగా ఇరవై–నలభై గురించి చెబుతూ పోయాను.

"నేను యాభై అంటాంటే నువ్వు ఇరవై అంటావు, నలభై అంటావు. రెండూ తక్కువే గదయ్యా! ఘాటు మీద బండి నేను నడిపినానా, నీ బుక్కు నడిపిందా?"

నాయన అల్లుడికి ఇంకొంచెం కూర వెయ్యమని అమ్మకు చెప్పాడు. అల్లుడి ముందు అల్లుడి మాట కాదనడం మా ఇళ్లల్లో లేదు. అల్లుడు చెడ్డ సలహా ఇచ్చినా అది అమలై తీరాలి, నష్టం మామ భరించాలి. అది చూస్తే మళ్లీ యాభయ్యే పోస్తారని అర్థమైంది.

మరునాడు చీకటితోనే లేచి, మెకానిక్ మామ దగ్గర కొంచెం కొంచెం అడిగి తెచ్చి రాత్రంతా ఆరుబయట పెట్టిన రెండు ఆయిళ్లనూ తీసుకుని, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రెండు పలకలను పెరటి గోడకు ఒకే వాలున ఆనించి, ఒక్కో చెంచా పోశాను. ఇరవై–నలభై మెల్లగానైనా కిందికి బయలుదేరింది. యాభై పోసిన చోటే కూర్చుంది. వెనక్కి తిరిగితే నాయన వేపపుల్ల నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకొకసారి పొయ్యమన్నాడు. పోశాను. తర్వాత రెండు ఆయిళ్లనూ స్టీలు గ్లాసుల్లో పోసి, అమ్మ మరగబెట్టిన నీళ్లలో పెట్టి బాగా కాగనిచ్చి, పలకలు తుడిచి మళ్లీ పోశాను. ఈసారి రెండూ కొద్ది తేడాతో దాదాపు కలిసే దిగాయి. చలిలో అంత తేడా, వేడిలో ఇంత తక్కువ తేడా. డబ్బా మీది మొదటి అంకె చలికి, రెండోది వేడికి అని నాయనకు చెప్పాను.

"అట్లనా," అన్నాడు నాయన. పుల్ల పారేసి మొహం కడుక్కోను పోయాడు.

పొద్దెక్కాక షెడ్డుకు పోయాము. అక్కడ మెకానిక్ మామ, ఇద్దరు ముగ్గురు లారీవాళ్లు, బావ, నేను. దుకాణం నుంచి నాయన తానే పట్టుకొచ్చిన డబ్బా మీద ఇరవై–నలభై అని ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. నా కొడుకు చదివి కనుక్కున్నాడు అనే మాట కోసం నేను నిలబడి ఉన్నాను. ఒక్క మాట. నలుగురి ముందు. నాయన డబ్బా కింద పెట్టి, కండువాతో మొహం తుడుచుకుని బావ వైపు తిరిగాడు.

"అల్లుడా, నువ్వు యాభై అన్యావు గదా. దీంట్లో ఇరవై ఉండాది, నలభై ఉండాది. కలిపితే అరవై. నువ్వు చెప్పిందానికంటే పదెక్కువే తెచ్చినా. సాలునా?"

బావ డబ్బా తిప్పి చూశాడు, మీసం దువ్వాడు.

"అరవై అంటే ఇంకేంది మామా, భేషుగ్గా ఉంటాది. పోయండి, పోయండి."

మెకానిక్ మామ తల వంచుకుని గరాటు వెతుక్కున్నాడు. ఆయన భుజాలు కదులుతుండటం చూశాను. మా నాయన లెక్క రాని మనిషి కాదు. పలకలను పన్నెండు డజన్ల గ్రోసుల్లో నోటితో లెక్కగట్టి ఫ్యాక్టరీ గుమాస్తాలకు తప్పులు చూపించినవాడు. ఆ రెండు అంకెలూ కలిపేవి కావని పొద్దున్నే నా నోటే విన్నాడు. అయినా అల్లుడి తల వంగకుండా, ఇంజిన్ చెడకుండా, క్షణంలో ఒక అరవై పుట్టించాడు.

మర్నాటి నుంచి బండి పొద్దున్నే అందుకుంది. సభల సామాను తోలాము, గని లోడ్లు తోలాము, ఎండాకాలం వచ్చాక ఇంజిన్ విప్పి రింగులు మార్పించాము. దారిలో ఎవరు అడిగినా నాయన ఒకటే చెప్పేవాడు, అల్లుడు చెప్పినట్టు ఆయిలు మార్చినాక బాగుంది అని. పలకల సంగతి కూడా ఆయన అల్లుడి ఖాతాలోనే వేసి చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు బావే ఒక షెడ్డులో పలకలు ఆనించి చూపించడం నా కళ్లతో చూశాను. తన పద్ధతి అని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు, అదే నాకు మరీ భరించరానిదిగా ఉండేది.

కొడుకుతో నాయన అబద్ధమాడాల్సిన పని రాలేదు కాబట్టి నాతో ఉన్నదే అసలైన దగ్గరితనం అని మా ఆవిడ ఎన్నోసార్లు ఓదార్చింది. మంచి మాటే. కానీ నా కోసం కూడా ఆయన ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఎట్లా ఉండేదో చూడాలని నాకు ఇప్పటికీ ఉంది.

నాయన పోయి చాలా ఏళ్లయింది. మా మేనల్లుడి కొత్త బండికి ఏ ఆయిలు పోయాలో ఫోనులో బండి పేరు కొడితే వచ్చేస్తుంది, ఎవరూ ఎవరితోనూ వాదించరు, ఎవరి మాట నెగ్గిందో అన్న గొడవే లేదు. గ్రంథాలయం నిండా పరీక్షలకు చదివే పిల్లలు, వాళ్లకు కావాల్సిన పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. బావ బండి నడపడం మానేసి గిద్దలూరులో వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆయిలు సలహాకు ఇప్పటికీ ఎవరో ఒకరు ఆయనకే ఫోను చేస్తారు.

ఈ సంగతి రాయడానికి తోడ్పడినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. బయటికి ఇవ్వకూడని పుస్తకాన్ని చొక్కా కింద దాచుకుపోనిచ్చిన గ్రంథాలయం నరసయ్య గారికి. ఆ రోజు షెడ్డులో జరిగింది నేను ఊహించుకున్నది కాదని నిన్న కూడా ఫోనులో సాక్ష్యం చెప్పిన మెకానిక్ మస్తాన్ మామకు. రాసిందంతా విని, రెండు చోట్ల కోపం తగ్గించమన్న మా ఆవిడ శాంతమ్మకు. ఒక చోట తగ్గించాను. తన భర్త గురించి అని తెలిసీ ముసిముసిగా నవ్వుకుంటూ తేదీలూ ఊళ్లూ గుర్తుచేసిన మా చెల్లెలు సుగుణకు.

మా బావ యోహానుకు కూడా చెప్పాలని చెల్లెలు పట్టుబట్టింది. చెబుతున్నాను. ఆయన యాభై అని మొండికేయకపోతే నేను ఆ పుస్తకం తెరిచేవాణ్ణీ కాదు, ఆ చలిలో లేచేవాణ్ణీ కాదు. అయినా ఆ ఆయిలు ఎంచింది నేనే.