మా చీరల వాసన ఎవరిది

కోయంబత్తూరులో మా చీరల కొట్టుకు వచ్చేవాళ్లకు బోర్డు కన్నా ముందు వాసన ఎదురొస్తుంది. వట్టివేరు, ఎండిన దవనం, పచ్చకర్పూరం కలిపి అమ్మ చిన్న గుడ్డమూటలు కడుతుంది. వాటిని చీరల మడతల్లో పెడతాం. ఏది ఎంత వేయాలో అమ్మ ఒక్కదానికే తెలుసు. ఆ పాళ్లు అత్త కోడలికే చెప్పాలన్నది మా ఇంటి ఆనవాయితీ. కూతురు వేరే ఇంటికి పోయేది కాబట్టి ఆమెకు చెప్పరు. అమ్మకు కొడుకుల్లేరు, నేనొక్కదాన్నే. నాన్న పోయినప్పటి నుంచీ కొట్టు నడిపేది నేనే. అమ్మ తర్వాత ఈ వాసన ఏమైపోతుందోనని నాకు దిగులు. అడిగినప్పుడల్లా ఆమె మాట మార్చేసేది.

పోయిన ఏడాది మా ఎదురు వరసలో కొత్త చీరల కొట్టు తెరిచారు. కారమడై నుంచి ఎప్పుడూ మా దగ్గరికే వచ్చే ఒక ముసలావిడకు చూపు సరిగా ఆనదు. ఆవిడ వాసన పట్టుకుని నేరుగా ఆ కొట్టులోకి నడిచి, చీరలు కొని, అక్కడివాళ్లను నా క్షేమం కూడా అడిగి పోయిందట! నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా వకీలు దగ్గరికి వెళ్లాను.

ముసలావిడ సంగతి వినగానే వకీలు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. వాసనను బట్టి కొట్టును గుర్తుపడుతున్నారంటే దానికి ట్రేడ్‌మార్క్ అడగవచ్చట. చీరకు ఆ వాసన సహజంగా ఉండదు కాబట్టి ఇంకా మంచిదట. గులాబీ వాసన వేసిన టైర్లకు మన దేశంలోనే దారి దొరికిందని ఉత్సాహంగా చెప్పాడు. చిక్కల్లా ఒకటే, చదివినవాళ్లకు ఇదీ ఆ వాసన అని తెలిసేలా కాగితం మీద పెట్టాలి. గులాబీ అంటే అందరికీ తెలుసు. మరి మాదో? "పెళ్లికూతురి పెట్టె తెరిచినట్టు ఉంటుంది" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. ఏవి ఎంతెంత కలుపుతారో చెప్పమన్నాడు.

లోలోపల నాకు పండగే. చట్టమే అడిగాక అమ్మ చెప్పక ఏం చేస్తుంది! వకీలును వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

అమ్మ మాటల్లో కొట్టంటే 'కడ', నేనంటే 'కన్ను'. అంతా విని ఒక్కటే అడిగింది.

"అట్లయితే ఎదురు కడ పాప మన మూటలు పెట్టుకోకూడదా?"

"ఏ మూటలమ్మా?"

"నేనిచ్చినవే. ఆ ఇంటి కోడలు మదురై పిల్ల, మన మాదిరే తెలుగు పేచ్చు. కోవిల్లో నన్ను చూసి 'అవ్వా' అని పిలిచింది కన్ను. అమ్మగారిల్లు గ్యాపకమొస్తా ఉండాదని కండ్లనీళ్లు పెట్టుకొన్నాది. మనసు ఆగలేదు. నెలనెలా ఇస్తా ఉండాను."

వకీలు నవ్వు ఆపుకోలేకపోయాడు. మరి కేసు ఎవరి మీద వేద్దామని తమిళంలో నన్నే అడిగాడు. ఆయనకు కాఫీ ఇచ్చి సాగనంపి, అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"ఊళ్లోవాళ్లకు మూటలు కట్టిస్తావు. నాకు మాత్రం చెప్పవు. నేను నీకు ఏమీ కానా?"

అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మా అత్తకు కడ చూసింది కొడుకు. అందుకని వాని పెండ్లానికి చెప్పె. నా కడ చూసేది నువ్వు గదా కన్ను. ఇన్నేండ్లు ఎవురి కోసరం కాచుకోని ఉండాను నేను, లేని కోడలి కోసరమా?"

అప్పటికప్పుడే చాప పరిచింది. దవనం బుట్టలో చెయ్యి పెట్టమంది. పిడికిలి నిండా తీశాను. నా వేళ్లు పట్టుకుని కొంచెం వదులు చేసి, "ఇంత చాలు" అంది. సంతోషంతో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే నవ్వుతుంటే, కన్నీళ్లు కర్పూరంలో పడతాయని అమ్మ కసిరింది.

ఆ నెల ఎదురు కొట్టు పిల్లకు మూటలు కట్టింది నేనే.